తడమనివ్వని అద్దం

అర్ధరాత్రి ఉక్కపోతకు మెలకువ వస్తే ఫ్యాను స్విచ్చి కోసం ఎవరమూ లైటు వెయ్యం. చెయ్యి గోడ మీద పాకుతుంది. బోర్డు అంచు తగులుతుంది. అక్కడి నుంచి వేళ్లే లెక్క పెట్టుకుంటాయి: మొదటిది ట్యూబులైటు, రెండోది బెడ్‌లైటు, మూడోది ఫ్యాను. మూడోదాని మీద వేలు ఆగుతుంది, ఇదేనని నమ్మకం కుదురుతుంది, అప్పుడు నొక్కుతాం. అంత తడుములాటలోనూ పొరపాటున ఏ దీపమూ వెలగదు, పక్కన పడుకున్నవాళ్లకు నిద్ర చెడదు. స్విచ్చికి ఉన్న మంచి గుణం అదే. తాకితే ఊరుకుంటుంది. నొక్కితేనే పలుకుతుంది.

వెతకడం ఒక పని, నొక్కడం ఇంకో పని. ఈ రెంటి మధ్యా కొంచెం సందు ఉందన్న సంగతి మనకు తట్టదు, ఆ సందు ఎప్పుడూ ఉంటూనే వచ్చింది గనుక. టైపురైటరు మీటల్లో ఉంది, రేడియో నాబుల్లో ఉంది, లిఫ్టు బటన్లలో ఉంది. పాత కీప్యాడ్ ఫోన్లలో 5 అంకె మీద ఆవగింజంత బొడిపె ఉండేది, గుర్తుందా? చూపున్న మనం దాన్ని పట్టించుకోలేదు. చూపు లేనివాళ్లకు ఫోనంతా ఆ బొడిపె చుట్టూనే ఉండేది. దానికి పైన 2, కింద 8, ఎడమన 4, కుడిన 6. ఫోను జేబులో ఉండగానే నంబరు కొట్టేసేవాళ్లు నాకు తెలుసు. టచ్ స్క్రీన్ వచ్చి ఆ బొడిపెను చదును చేసింది, దాంతోపాటు ఆ సందునూ మూసేసింది. అద్దం మీద తడుముకోవడమంటూ ఉండదు. వేలు ఆనిందా, పని జరిగిపోయినట్టే.

అద్దం అలా ఎందుకు చేస్తుందో తెలియాలంటే దాని కిందికి వెళ్లాలి. పైన మనం తాకేది ఉత్త గాజు. దాని వెనక ఇండియం టిన్ ఆక్సైడ్ అనే పదార్థంతో గీసిన గీతలుంటాయి. విద్యుత్తును పారనిచ్చే పదార్థాల్లో కంటికి కనపడకుండా ఉండగలిగేవి చాలా తక్కువ, అందులో ఇదొకటి. కొన్ని గీతలు నిలువుగా, కొన్ని అడ్డంగా, ఒకదాన్నొకటి తాకకుండా సాగుతాయి. గీతకూ గీతకూ ఎడం నాలుగైదు మిల్లీమీటర్లు. అవి దాటుకునే ప్రతిచోటా విద్యుదావేశాన్ని కాస్త దాచుకునే చిన్న కెపాసిటర్ ఏర్పడి, కాస్త విద్యుత్ క్షేత్రం నిలిచి ఉంటుంది. మన ఒళ్లు చాలావరకు ఉప్పునీళ్లే కదా, అదీ విద్యుద్వాహకమే. వేలు దగ్గరకు రాగానే ఆ క్షేత్రంలో కొంత వేలి వైపు మళ్లుతుంది. ఆ మేరకు అక్కడి కెపాసిటెన్స్ రవ్వంత తగ్గుతుంది. ఆ రవ్వంతను పట్టుకోవడానికి ఒక చిప్ సెకనుకు పదుల సార్లు గీతలన్నిటినీ పలకరించి వస్తుంటుంది. వేలికొస గీతల ఎడం కంటే వెడల్పు. అందువల్ల ఒకేసారి రెండు మూడు గీతల దగ్గర మార్పు కనపడుతుంది, ఎక్కడ ఎక్కువో ఎక్కడ తక్కువో చూసి వేలి నడిమి చోటును చిప్ లెక్క కడుతుంది.

ఇందులో నొక్కడమన్న మాటే లేదని గమనించారా? మనం అలవాటు కొద్దీ నొక్కానంటాం గానీ, అద్దానికి బలంతో పనిలేదు. వట్టి గోటితో ఎంత పొడిచినా అది పలకదు. వేలు ఆనీ ఆనకముందే పలుకుతుంది. అది అడిగేది ఒక్కటే: ఇక్కడ విద్యుత్తును లాక్కునే ఒళ్లు ఏదైనా ఉందా, లేదా? ఉల్లిపాయలు తరుగుతూ తడిచేత్తో ఫోనెత్తబోయి అవస్థ పడేది అందుకే. నీళ్లూ వాహకమే, చుక్కనీ వేలునీ విడదీయలేక తెర తికమక పడుతుంది. గ్లవ్స్ తొడిగిన చేతిని లేనట్టే చూస్తుంది.

ఈ ఆలోచన చాలామంది అనుకునేంత కొత్తది కాదు. ఇంగ్లండులోని మాల్వర్న్‌లో రాయల్ రాడార్ ఎస్టాబ్లిష్‌మెంట్ అనే సంస్థ ఉండేది. అక్కడి ఇంజనీరు ఇ.ఎ.జాన్సన్ 1965లో వేలితో తాకే తెర గురించి ఒక చిన్న పరిశోధన పత్రం అచ్చు వేయించాడు. అదీ కెపాసిటెన్స్ మీద పనిచేసేదే. ఆయన మనసులో ఉన్నది విమానాల రాకపోకలు చూసే కంట్రోలర్లు. కళ్లు తెరకు అప్పగించి గంటల తరబడి కూర్చునేవాళ్లు కంటికి కనపడినదాన్ని అక్కడికక్కడే వేలితో చూపిస్తే సరిపోవాలని ఆయన తాపత్రయం. 1970ల్లో జెనీవా దగ్గర సెర్న్ పరిశోధన కేంద్రంలో ఫ్రాంక్ బెక్, బెంట్ స్టుంపే తమ పెద్ద యాక్సిలరేటర్ కంట్రోల్ రూమ్ కోసం ఇలాంటి తెరనే తయారుచేశారు. లెక్కలేనన్ని స్విచ్చులూ నాబుల బదులు అవసరాన్ని బట్టి మారిపోయే బటన్లు కావాలన్నది వాళ్ల అవసరం. రెండుచోట్లా వాడేవాడికి కళ్లున్నాయన్నదే మొదటి మెట్టు. కావాలని ఎవరూ గుడ్డివాణ్ణి బయటికి నెట్టలేదు, ఆ గదుల్లో అతను లేడు, అంతే. చాలా వస్తువుల చరిత్ర ఇంతే.

అదే రోజుల్లో అమెరికాలో కెంటకీ విశ్వవిద్యాలయానికి చెందిన శామ్యూల్ హర్స్ట్ ఇంకో దారి పట్టాడు. రెండు పలచని పొరలు, మధ్యలో సన్నని ఖాళీ. పై పొరను నొక్కితే కింది పొరకు తగిలి కరెంటు పారుతుంది. దీన్ని రెసిస్టివ్ అంటారు. పాత చేతి కంప్యూటర్లలో, సంతకం పెట్టించుకునే పాత యంత్రాల్లో ఉండేది ఇదే. కొంచెం గట్టిగా నొక్కాలి, తెర మసకగా ఉంటుంది, రెండు వేళ్లు ఒకేసారి పెడితే తెల్లమొహం వేస్తుంది. మార్కెట్‌లో ఓడిపోయింది, ఓడిపోవలసిందే. కానీ దానికి మనుషుల్లో తేడా తెలియదు. గోరైనా సరే, పెన్ను మూతైనా సరే, గ్లవ్స్ వేసుకున్న చెయ్యైనా సరే, మోచేతి దాకా తెగిపోయి పెట్టించుకున్న ప్లాస్టిక్ చెయ్యైనా సరే, నొక్కితే చాలు. తర్వాత వచ్చిన నాజూకు అద్దం ప్లాస్టిక్ చేతిని గుర్తించదు. ఆ వేలికొసకు విద్యుత్తు పారే తొడుగు వేయించుకోవాలి.

అసలు చేతులకూ కొన్నిటికి ఇదే గతి. ఒక ఆఫీసులో నా ముందు వరసలో ఒక పెద్దాయన నిలబడ్డాడు, రాళ్లు కొట్టే పని. ట్యాబ్ మీద సంతకం పెట్టమన్నారు. కాయలు కాచిన వేలు, పైగా ఎండాకాలం పొడి. గీత పడదు. "గట్టిగా నొక్కు తాతా" అంటాడు కుర్రాడు. ఆయన నొక్కాడు, ట్యాబ్ బల్ల మీద జరిగిందే గానీ గీత పడలేదు. గట్టిగా నొక్కితే వేలు కాస్త నలిగి మరికొంత మేర ఆనుతుంది, ఒరిగేది అంతే. మొద్దుబారిన చర్మం మందం ఆ చిన్న విద్యుత్ క్షేత్రాన్ని లోపలి తడి దాకా చేరనివ్వడం లేదు. చివరికి ఆయనే నోట్లు లెక్కపెట్టే అలవాటున వేలు నాలిక్కి తగిలించుకుని మళ్లీ పెట్టాడు. గీత పడింది. ఫిజిక్సు ప్రకారం ఆయన చేసిందే సరైన పని. కుర్రాడు మాత్రం ట్యాబ్‌ను మొహం చిట్లిస్తూ తుడుచుకున్నాడు.

రెండు మూడు వేళ్లతో ఒకేసారి ఆడించే ఇప్పటి విద్య ఎక్కడి నుంచి వచ్చిందో చెబితే మాత్రం ఆశ్చర్యంగా ఉంటుంది. వేన్ వెస్టర్‌మన్ అనే విద్యార్థి అమెరికాలో డెలావేర్ విశ్వవిద్యాలయంలో పీహెచ్‌డీ చేస్తూండేవాడు. టైపు చేసీ చేసీ చేతులు నొప్పులు పట్టాయి. మీటలు నొక్కే ఆ కాస్త బలం కూడా భారమైంది. అసలు బలమే అక్కర్లేని, ఊరికే వేళ్లు ఆనిస్తే చాలే పలక కావాలని తన గురువు జాన్ ఎలియాస్‌తో కలిసి దాని మీదే పనిచేశాడు. 1999లో సిద్ధాంత గ్రంథం సమర్పించాడు. ఇద్దరూ కలిసి ఫింగర్‌వర్క్స్ అనే చిన్న కంపెనీ పెట్టారు. చేతుల నొప్పులున్నవాళ్లే దాని మొదటి అభిమానులు. 2005లో యాపిల్ ఆ కంపెనీని కొనేసింది. రెండేళ్లకు, 2007లో, ఐఫోన్ వచ్చింది. నొక్కలేని చేతుల కోసం పుట్టిన పలక లోకంలో ఉన్న బటన్లన్నిటినీ మింగేసింది. ఒకరి కష్టానికి దొరికిన మందు ఇంకొకరికి జబ్బయింది. ఇందులో వెస్టర్‌మన్ తప్పేమీ లేదు. ఒక వైకల్యాన్ని దృష్టిలో పెట్టుకుంటే అన్నిటినీ పెట్టుకున్నట్టు కాదన్నది మాత్రం అప్పటి నుంచీ మళ్లీ మళ్లీ రుజువవుతూనే ఉంది.

2007లో వచ్చిన ఆ ఫోనులో చూపు లేనివాళ్లకు ఏమీ లేదు. చేతిలో పెడితే గాజు పలక, అంతే. తర్వాతి రెండేళ్లూ వాళ్లలో చాలామంది బటన్ల ఫోన్ల రోజులు అయిపోయినట్టేననీ, తమ రోజులూ అయిపోయినట్టేననీ అనుకున్నారు. సమాధానం కొన్ని చోట్ల ఒకేసారి మొలకెత్తింది. 2008లో వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో షాన్ కేన్, జెఫ్రీ బిగమ్, జేకబ్ వాబ్రాక్ 'స్లైడ్ రూల్' అనే పద్ధతి చూపించారు. ఒక వేలు తెర మీద జారుతుంటే ఫోను కింద ఏముందో చదివి చెబుతూ ఉంటుంది, ఏదీ తెరుచుకోదు. కావలసింది దొరికాక రెండో వేలితో తడితే అప్పుడు తెరుచుకుంటుంది. మూసిన సందును మళ్లీ తెరవడమంటే ఇదే. కనిపెట్టినది పెద్ద యంత్రం కాదు, ఒక మర్యాద. తాకగానే ఎగబడకు, చెప్పి ఊరుకో అని అద్దానికి నేర్పడం.

గూగుల్‌లో ఈ పని చేసినవారిలో ఒకాయన మనవాడు, టి.వి.రామన్. పుణెలో పెరిగి, పద్నాలుగో ఏట నీటికాసుల వల్ల చూపు పూర్తిగా పోగొట్టుకుని, ఐఐటీ బొంబాయిలోనూ కార్నెల్‌లోనూ చదివినవాడు. ఫోను మీద నంబరు కొట్టడానికి ఆయన బృందం చేసిన ఏర్పాటు నాకు ఎంతో ఇష్టం. చదును తెర మీద 5 ఎక్కడుందో గుడ్డివాడు ఎలా వెతుక్కోవాలన్నది ప్రశ్న. వెతుక్కోనక్కర్లేదన్నాడు రామన్. వేలు ఎక్కడ పడితే అదే 5. అక్కడి నుంచి పైకి జారిస్తే 2, కిందికి 8, పైన ఎడమ మూలకు జారిస్తే 1. తప్పు పడితే ఫోను ఒకసారి ఊపితే చాలు, చివరి అంకె చెరిగిపోతుంది. అద్దం మింగేసిన బొడిపెను తిరిగి తెర మీద అతికించలేక, ఎవరి వేలి కింద వాళ్లకు పుట్టేలా చేశాడు. ఇలాంటి ఆలోచన ఆ బొడిపెను ఏళ్ల తరబడి తడిమిన వేళ్లకే వస్తుంది.

2009 జూన్‌లో వచ్చిన ఐఫోన్ 3జీఎస్‌లో తెర మీద ఉన్నది చదివి వినిపించే వాయిస్‌ఓవర్ చేరింది. అదే ఏడాది ఆండ్రాయిడ్‌లో అలాంటిదే టాక్‌బ్యాక్ వచ్చింది, అయితే తెరంతా వేలితో వెతుక్కునే సదుపాయం ఆండ్రాయిడ్‌కు 2011లో గానీ అమరలేదు. విడిగా కొనక్కర్లేదు, ఫోనుతోపాటే ఉంటుంది. గుడ్డివాళ్ల ఫోను అని వేరే ఒకటి లేకపోవడం ఇందులో అన్నిటికంటే పెద్ద గెలుపు అంటాను. ప్రత్యేకంగా చేసిన వస్తువు ధర ఆకాశంలో ఉంటుంది, పాడైతే బాగుచేసేవాడు దొరకడు.

మా కాలనీలో ఒక లెక్చరర్ గారున్నారు, జూనియర్ కాలేజీలో చరిత్ర చెబుతారు. పుట్టుకతో చూపు లేదు. సాయంత్రాలు పార్కు బెంచీ మీద ఆయన ఫోను వాడుతుంటే పక్కన కూర్చుని చూడడం నాకు సరదా. చూడడానికేమీ ఉండదు, తెర నల్లగా ఆర్పేసి ఉంటుంది. వెలిగించి ఏం లాభం, బ్యాటరీ దండగ అంటారు. చూపుడువేలు పైనుంచి కిందికి జారుతుంటుంది, ఫోను ఏదో గలగలా వాగుతుంటుంది. "అది తెలుగేనా మాస్టారూ?" అన్నాను మొదటిసారి విన్నప్పుడు. "తెలుగేనండీ, నాలుగో గేరులో ఉంది" అని నవ్వి, నా కోసం వేగం తగ్గించారు. అప్పుడు తెలిసింది. వేలు దేనిమీదుగా పోతే దాని పేరు చెబుతోంది: ఫోన్, సందేశాలు, కెమెరా. కావలసిన పేరు వినగానే వేలెత్తి, తెర మీద ఎక్కడో ఒకచోట టకటకా రెండుసార్లు తట్టారు. ఆ బొమ్మ మీదే తట్టాలని లేదు. తెర మొత్తం కలిపి ఒకే పెద్ద బటన్ అయిపోయింది. కుడికి విదిలిస్తే తర్వాతిది, ఎడమకు విదిలిస్తే ముందుది. చూసేవాడికి పటంలా పరచుకున్న తెర ఆయనకు వరసగా వచ్చే మాటల జాబితా.

ఆయన చేతిని దగ్గరగా చూస్తే ఇంకో సంగతి కనపడుతుంది. బొటనవేలు ఫోను అంచు మీద కొలతగా ఆని ఉంటుంది. దాన్నిబట్టి చూపుడువేలు సరాసరి కింది వరసలో రెండో బొమ్మ మీదికి వెళ్లి వాలుతుంది, వెతుకులాట ఉండదు. అద్దంలో అంచు తప్ప చేతికి దొరికేదేమీ లేదు గనుక ఆయన ఆ అంచునే పూర్తిగా వాడుకుంటారు.

ఒకరోజు బిల్లు కట్టే యాప్ ఒకటి తెరిచారు. ఫోను చదవడం మొదలుపెట్టింది: "అన్‌లేబుల్డ్ బటన్. అన్‌లేబుల్డ్ బటన్. అన్‌లేబుల్డ్ బటన్." వరసగా ఆరు. మామూలు కంటికి అక్కడ ముద్దొచ్చే బొమ్మలున్నాయి, ఇల్లు, గంట, బుట్ట. తయారుచేసినవాడు బొమ్మ పెట్టాడు గానీ పేరు రాయలేదు. "ఆరు తలుపులున్న గదిలో నిలబెట్టారండీ, ఏ తలుపుకీ పేరు లేదు. ఒక తలుపు తీస్తే డబ్బులు పోతాయి" అన్నారు మాస్టారు. పిన్ నంబరు దగ్గర ఇంకో చిక్కు. ఫోను అంకెలు పైకి చదువుతుంది, బస్‌స్టాపులో చెవుల్లో ఇయర్‌ఫోన్లు లేకపోతే పిన్ ఊరందరికీ చెప్పినట్టే. కొన్ని యాప్‌లు భద్రత పేరు చెప్పి అంకెల స్థానాలను ప్రతిసారీ తారుమారు చేస్తాయి. దొంగను ఆపే మాట దేవుడెరుగు, మాస్టారిని మాత్రం కచ్చితంగా ఆపుతాయి.

చూపు ఒక్కటే కాదు. చేతులు వణికేవాళ్లకూ ఈ సందే కావాలి. వాళ్ల వేలు ఒకసారి ఆనదు, మూడుసార్లు ఆనుతుంది. ఒక అక్షరం మూడక్షరాలవుతుంది, ఒక ఫోను కాల్ పోయి ఇంకొకరికి వీడియో కాల్ వెళుతుంది. పార్కిన్సన్స్ ఉన్న పెద్దవాళ్లు ఇంట్లో ఉంటే ఫోను సెట్టింగుల్లో యాక్సెసిబిలిటీ అనే చోటికి ఒకసారి వెళ్లిరండి. ఇంతసేపు వేలు నిలిపితే తప్ప తాకినట్టు లెక్కపెట్టకు, వెంటవెంటనే పడ్డ తాకిళ్లను ఒకటిగా తీసుకో అని ఫోనుకు చెప్పే ఏర్పాట్లు అక్కడున్నాయి. అసలు వేలే కదలనివాళ్లకు స్విచ్ పద్ధతి ఉంది. తెర మీది వస్తువులు ఒకదాని తర్వాత ఒకటి వాటంతటవే మెరుస్తుంటాయి, కావలసింది మెరిసినప్పుడు తలతోనో మోకాలితోనో ఒక పెద్ద బటన్ కొడితే చాలు. ఇక్కడ వెతికే పని యంత్రానిది, నిర్ణయం మనిషిది.

చూపూ చేతులూ బాగున్నవాళ్లు కూడా ఈ సందు వల్ల బాగుపడ్డవాళ్లే. 1988లో మేరీలాండ్ విశ్వవిద్యాలయంలో బెన్ ష్నైడర్‌మన్, తన సహచరులతో కలిసి, వేలు ఆనినప్పుడు కాకుండా వేలు ఎత్తినప్పుడు పని జరిగితే ఎలా ఉంటుందో పరీక్షించి చూశాడు. తప్పులు తగ్గాయి. ఈనాటికీ మన ఫోన్లలో చాలా బటన్లు అలాగే పనిచేస్తాయి. వద్దనుకున్న బటన్ మీద వేలు పడితే ఎత్తకుండా పక్కకు జార్చి చూడండి, ఏమీ జరగదు.

ఇంతవరకూ చెప్పినదంతా ఫోన్ల గురించి. ఫోనులో మాటలుంటాయి, సాఫ్ట్‌వేర్ ఉంటుంది, ఏదో ఒక నాటికి ఎవరో ఒకరు మర్యాద నేర్పగలరు. మూగ అద్దాల సంగతే అన్యాయం. మా పెద్దమ్మకు నీటికాసుల వల్ల చూపు బాగా తగ్గింది. గ్యాసు దగ్గర ప్రమాదమని కూతురు ఇండక్షన్ పొయ్యి కొనిచ్చింది. గ్యాసు పొయ్యి నాబు తిప్పితే మంట ఎంతుందో పెద్దమ్మ చేతికి తెలిసేది. ఈ పొయ్యి మీద చేతికి తెలిసేదేమీ లేదు. "ముట్టుకుంటే చాలురా, ఉలిక్కిపడుతుంది" అంటుంది. బటన్ల మీద బొట్టుబిళ్లలు అతికించి చూశాం. బిళ్ల కోసం వేలు పెట్టడమే ఆలస్యం, పొయ్యి ఆరిపోయేది. పెద్దమ్మే ఉపాయం కనిపెట్టింది. బిళ్లలు బటన్ మీద కాదు, దానికి దిగువన ఉత్త గాజు మీద పెట్టించుకుంది. వేలు ముందు బిళ్ల మీద ఆగుతుంది, అక్కడ ఏమీ జరగదు. ఇదేనని నమ్మకం కుదిరాక అక్కడి నుంచి ఒక అంగుళం పైకి వెళ్లి తాకుతుంది. కేన్, బిగమ్, వాబ్రాక్‌లు పత్రం రాసి చెప్పిన సంగతి మా పెద్దమ్మ రూపాయి బొట్టుబిళ్లతో చేసింది. అయినా వేడి ఎంతుందో పొయ్యి చెప్పదు. పెంచినా తగ్గించినా ఒకటే కూత. ఎన్ని కూతలయ్యాయో లెక్క పెట్టుకుంటూ పాలు కాస్తుంది.

దుకాణాల్లో కార్డు గీకే యంత్రాలూ ఇప్పుడు కొన్ని నున్నటి గాజుతో వస్తున్నాయి. పిన్ కొట్టలేక కుర్రాడి చెవిలో చెప్పాల్సి రావడం ఎంత అవమానమో, ఎంత ప్రమాదమో వేరే చెప్పాలా? కొన్ని కొత్త లిఫ్టుల్లో అంతస్తుల బటన్లూ గాజైపోయాయి. తడిమితే చాలు, మూడూ నాలుగూ అయిదూ అన్నీ వెలుగుతాయి.

ఇవన్నీ తప్పనిసరి అయితే సరిపెట్టుకోవచ్చు. కాదనడానికి సాక్ష్యం మన హైదరాబాదులోనే తయారవుతోంది. ఎలక్ట్రానిక్ ఓటింగ్ యంత్రాలను తయారుచేసే రెండు ప్రభుత్వ సంస్థల్లో ఒకటి ఇక్కడి ఈసీఐఎల్. ఆ ఓటింగ్ యంత్రం మీద అసలైన బటన్ ఉంటుంది, వేలితో తడమవచ్చు, తడిమినంత మాత్రాన ఓటు పడదు, నొక్కితేనే కూత వినపడుతుంది. బటన్ పక్కన బ్రెయిలీ అంకె ఉంటుంది. ఆ బ్రెయిలీ గుర్తులను ఎన్నికల సంఘం ముందుగా పరీక్షించి చూసింది ఎక్కడనుకున్నారు? 2004లో, హైదరాబాదు అసిఫ్‌నగర్ అసెంబ్లీ ఉప ఎన్నికలో. తర్వాత దేశమంతటా వచ్చింది. ఓటు రహస్యం గుడ్డివాడికీ ఉండాలన్న పట్టుదలకు కావలసింది ఒక బటన్, దాని పక్కన కొన్ని చుక్కలు.

చట్టాల కొరత కూడా లేదు. 2014 జులై నుంచి కొత్తగా పెట్టే ఏటీఎంలన్నీ మాట్లాడాలనీ, బ్రెయిలీ కీప్యాడ్ ఉండాలనీ రిజర్వు బ్యాంకు అదే ఏడాది బ్యాంకులకు చెప్పింది. వికలాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది, ఎలక్ట్రానిక్ వస్తువులు అందరూ వాడగలిగేలా ఉండాలని అందులోనే రాసుంది. 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు ఇంకో అడుగు వేసి, డిజిటల్ సేవలు అందడం జీవించే హక్కులో భాగమేనంది. ఆ కేసు వెనక ఉన్నది చిన్న విషయంలా కనపడుతుంది. బ్యాంకు ఖాతా తెరవాలంటే ఫోను కెమెరా ముందు కనురెప్ప ఆర్పమంటుంది యాప్. యాసిడ్ దాడిలో రెప్పలు కాలిపోయినవాళ్లు ఏం ఆర్పాలి? మొహం చతురస్రంలో సరిగ్గా పెట్టమంటే ఆ చతురస్రం కనపడనివాళ్లు ఎక్కడ పెట్టాలి? 2011 జనాభా లెక్కల్లో మన దేశంలో వైకల్యం ఉన్నవాళ్లు 2.68 కోట్లు. ఈ ప్రశ్నలు కోర్టు దాకా వెళ్లాల్సి వచ్చిందంటే, ఆ యాప్‌లు తయారైన గదుల్లోనూ వాళ్లు లేరన్నమాట.

బటన్ల విలువ ఈమధ్య చూపున్నవాళ్లకూ తెలిసొస్తోంది. 2017లో సింగపూర్ దగ్గర అమెరికా యుద్ధనౌక జాన్ ఎస్.మెకెయిన్ ఒక చమురు ఓడకు అడ్డంపోయి పదిమంది నావికులు చనిపోయారు. ఓడను నడిపే గదిలోని టచ్ స్క్రీన్లలో ఎవరి చేతిలో ఏ నియంత్రణ ఉందో తెలియని గందరగోళం కూడా కారణాల్లో ఒకటని విచారణలో తేలింది. ఆ తర్వాత నౌకాదళం వేగం పెంచే తగ్గించే మీటలను మళ్లీ చేత్తో పట్టుకునేవిగా మార్చాలని నిర్ణయించుకుంది. కార్ల భద్రతకు మార్కులు వేసే యూరో ఎన్‌క్యాప్ సంస్థ కూడా 2026 నుంచి ఇండికేటర్లు, వైపర్లు, హారన్ లాంటివాటికి అసలైన మీటలు లేకపోతే పూర్తి మార్కులు ఇవ్వనంటోంది. రోడ్డు మీద కళ్లు పెట్టిన డ్రైవరు కారు లోపలి తెరకు సంబంధించినంతవరకు గుడ్డివాడే కదా. మాస్టారికీ మా పెద్దమ్మకూ ఎప్పుడో తెలిసిన సంగతి కార్ల కంపెనీలకు చేరడానికి ఇన్నాళ్లు పట్టింది.

అద్దాన్ని తిట్టి లాభం లేదు, అది పోదు కూడా. మాస్టారి చేతిలో అదే అద్దం లైబ్రరీ అయింది, బ్యాంకు అయింది, నోటు చూపిస్తే ఎంతదో చెప్పే సహాయకుడైంది. పొయ్యిలూ లిఫ్టులూ కార్డు యంత్రాలూ తయారుచేసేవాళ్లను నేను అడిగేదల్లా ఒకటే: తడిమితే ఊరుకునే చోటు ఒకటి వదలండి. రెండు గీతలు ఎత్తుగా పోస్తే అయ్యే ఖర్చు ఎంతని?

ఇక యాప్‌లు రాసే తెలుగు పిల్లలకు. హైదరాబాదులోనూ బెంగళూరులోనూ అమెరికాలోనూ మీరు వేలల్లో ఉన్నారు. బటన్‌కు పేరు పెట్టడానికి ఆండ్రాయిడ్‌లో కంటెంట్ డిస్క్రిప్షన్ అని ఒక్క లైను రాస్తే చాలునని మీకు నేను చెప్పనక్కర్లేదు. ఈ రాత్రి మీ యాప్ తెరిచి, టాక్‌బ్యాక్ ఆన్ చేసి, తెర మీద ఒక రుమాలు కప్పి, లాగిన్ నుంచి డబ్బు కట్టేదాకా వెళ్లి చూడండి. ఎలా ఆపాలో తెలియక భయపడతారేమో, షార్ట్‌కట్ ముందుగా పెట్టుకుంటే వాల్యూమ్ బటన్లు రెండూ కలిపి మూడు సెకన్లు నొక్కిపట్టుకుంటే ఆగుతుంది. దారిలో ఎక్కడైనా "అన్‌లేబుల్డ్ బటన్" అని వినపడితే దానికి ఒక పేరు పెట్టి, తర్వాతి అప్‌డేట్‌లోనే పంపేయండి.